దేవుని డబ్బాలో గుప్పెడు

మొన్న శనివారం సాయంత్రం ఫోను టింగుమంది. చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ పెట్టారు. ఎవరో అమ్మాయి దోసిలి నిండా బియ్యం పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. కింద ‘పిడికెడు బియ్యం కానుక’ అని రాసి, పక్కనే స్కాన్ చేసుకునే గళ్ళబొమ్మ. బియ్యం మోసుకురానక్కర్లేదట, ఫోనుతో కొడితే చాలట. మా కోడలు టీ తాగుతూనే కొట్టేసింది. "అయిపోయింది అత్తయ్యా, మీ పేరు మీద కూడా కొట్టేశాను" అంది. నా పేరు మీద గుప్పెడు బియ్యం ఎక్కడికో వెళ్ళిపోయాయి గానీ నా చేతికి ఒక్క గింజ అంటలేదు.

మా చర్చి మియాపూర్‌లో మెట్రో స్తంభాలకు ఎదురుగా ఒక కాంప్లెక్సులో ఉంది. కింద బట్టల కొట్టు, మధ్యలో కోచింగ్ సెంటరు, ఆ పైన దేవుడు. లిఫ్టులో వెళ్ళి ఏసీలో కూర్చుని వస్తాం. నాకేం అభ్యంతరం లేదు, మోకాళ్ళ నొప్పులకు లిఫ్టు మంచిదే. అయితే ఆ సాయంత్రం మా మనవరాలు సోఫా మీద బోర్లా పడుకుని, "నానమ్మా, మనం కొట్టకపోతే దేవుడు ఏం చేస్తాడు?" అని అడిగింది. సరదాకి అడగలేదు. మొహంలో భయం ఉంది. సండే స్కూల్లో ఏదో వీడియో చూపించారట.

"ఏమీ చెయ్యడు. లేచి హోంవర్కు చేసుకో" అన్నాను. పిల్ల లేచి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఫోను చేత్తో పట్టుకుని చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

అమ్మ పోయి రెండు నెలలైంది. ఇంతవరకు నాకు ఏడుపు రాలేదు. పరామర్శకొచ్చినవాళ్ళు "ఎంత విశ్వాసమండీ మీది!" అని మెచ్చుకున్నారు. విశ్వాసమూ కాదు, నా బొందా కాదు. మొద్దుబారిపోయాను, అంతే. తింటున్నాను, పడుకుంటున్నాను, సీరియల్ చూస్తున్నాను. ఈ మొద్దుబారడం నాకు కొత్తేమీ కాదు. దీన్ని మొదట అమ్మలోనే చూశాను. నా చిన్నప్పుడు ఒక వానాకాలం మొత్తం చూశాను.

ఇప్పుడు చందానగర్ అంటే నగల దుకాణాలు, బిర్యానీ వాసన, ఆటోల హారన్లు. మా చిన్నప్పుడు బొంబాయి రోడ్డు పక్కన బస్సు ఆగే చోటు, నాలుగు కొట్లు, వాటి వెనక మా కిరాయి గదుల వరస. పెంకుల కప్పు. రోడ్డు మీద లారీ పోతే పెంకుల సందుల్లోంచి మన్ను రాలి కంచంలో పడేది. మియాపూర్ వైపు నడిస్తే ద్రాక్ష తోటలు. పందిళ్ళ కింద ఎప్పుడూ చల్లగా ఉండేది, పచ్చి ఆకు వాసన, తేనెటీగల రొద. కాపలా ముసలాయన రాలిన గుత్తులు ఏరుకోనిచ్చేవాడు. వాటి మీద మైలుతుత్తం చల్లిన నీలం మరకలుండేవి. గౌనుకు రుద్దుకుని తినేసేవాళ్ళం. ఎలా బతికి బట్టకట్టామో మరి! ఇంకోవైపు, ఇప్పుడు మా అబ్బాయి ఆఫీసు అద్దాల మేడ ఉన్న వైపు, కనుచూపు మేర రాళ్ళ గుట్టలు, మధ్యమధ్య సీతాఫలం పొదలు. అటు మేకలు కాసేవాళ్ళు తప్ప ఎవరూ పోయేవాళ్ళు కాదు.

మా ఇంట్లో ఐదుగురం. నాయిన రోడ్డు మీది ఫ్యాక్టరీలో హెల్పరు. అమ్మ, నేను, మాటలు అప్పుడే వస్తున్న తమ్ముడు, నాయిన తల్లి నాయనమ్మ. నాయనమ్మది జహీరాబాదు పక్క పల్లె. అమ్మది కృష్ణా జిల్లా. ఏవో సువార్త కూటాల్లో పెద్దవాళ్ళు కలిసి కుదుర్చుకున్న సంబంధం. అత్తాకోడళ్ళిద్దరికీ దేవుడొక్కడే గానీ కూర ఒక్కటి కాదు. నాయనమ్మకు జొన్నరొట్టె, పచ్చిపులుసు ఉంటే స్వర్గం. అమ్మకు ఆ పచ్చిపులుసు పొడ గిట్టేది కాదు.

"కాచకుండా ఎలా తాగుతారు అత్తయ్యా? జలుబు చెయ్యదండీ?"

"నీ అయ్య గోంగూరల పోసే నూనెకు మంట వెడ్తె లంకలు కాలుతయి. నాకు సెప్పొచ్చినవ్" అనేది నాయనమ్మ. అని, అమ్మ చూడకుండా గోంగూర గిన్నెలో వేలు పెట్టి నాకేది. అది చూసి నేను నవ్వితే చాటుగా గిల్లేది.

ఇన్ని తేడాలున్నా ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా, కడగడానికి ముందే, అందులోంచి ఒక గుప్పెడు తీసి దేవుని డబ్బాలో వెయ్యాలి. అదొక పాలపొడి డబ్బా. మూత మీద నాయనమ్మ మేకుతో సిలువ గీసింది. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తీసుకెళ్ళి, ముందర పెట్టిన వెదురు గంపలో గుమ్మరించేవాళ్ళం. అందరిళ్ళ గుప్పెళ్ళూ అందులోనే. దొడ్డు బియ్యం, సన్నవి, రేషనువి, ఎర్ర గింజలు, నూకలు. ఆరాధన అయ్యాక ఆ గంప లోపలికి పోయేది. అమ్మ వాళ్ళ ఊళ్ళో అయితే ఆ బియ్యం వేలం వేసి చర్చి గోడలు కట్టేవారట. మా చర్చిలో ఏం చేసేవాళ్ళో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. దేవుడికి చేరుతుంది అనేవాళ్ళు. ఎట్లా చేరుతుందని నేను ఒకసారి అడిగితే నాయనమ్మ నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

"దేవునివి లెక్కలడుగుతవా? కండ్లు పోతయ్."

నాయనమ్మ దేవుడు అలాంటివాడు. కళ్ళు తీసేవాడు, కాళ్ళు విరిచేవాడు. వాడలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆమె దగ్గర కారణం తయారుగా ఉండేది. పక్కింటాయన సైకిలు మీంచి పడి చెయ్యి విరిగితే, ఆదివారం గుడి ఎగ్గొట్టి సినిమాకు పోయాడు కాబట్టి. ఎదురింటి మేక చస్తే, ఆ ఇంటావిడ ప్రార్థనలో కునుకు తీసింది కాబట్టి. ఇవన్నీ ఆమె కోపంగా చెప్పేది కాదు. గొంతు బాగా తగ్గించి, పైన ఎవరో వింటున్నట్టు చెప్పేది. నేను నిజంగానే పెంకుల వైపు చూసేదాన్ని.

సండే స్కూల్లోనూ అదే వరస. కానుకలో కొంత దాచుకున్న మొగుడూ పెళ్ళాలు గుడిలోనే పడి చచ్చిపోయిన కథ చెప్పారు. మాకది ఎంత నచ్చిందంటే, దాన్ని ఆటగా ఆడుకునేవాళ్ళం. ఒకడు అయ్యగారు, ఇద్దరు మొగుడూ పెళ్ళాలు. "నిజం చెప్పు, ఇంతేనా?" అని అయ్యగారు అడగ్గానే దబ్బున వెల్లకిలా పడిపోవాలి. ఎంత బాగా పడితే అంత గొప్ప. మిగతావాళ్ళు కాళ్ళు పట్టి ఈడ్చుకెళ్ళి సీతాఫలం చెట్టు కింద పడేసేవాళ్ళు. నేను బాగా పడేదాన్ని. ఒకరోజు అది నాయనమ్మ కంటబడింది. చీపురు తిరగేసి అందరినీ ఉతికింది. పడుకునేటప్పుడు మాత్రం నా పక్కన చేరి, "ఇంకోపారి గా ఆట ఆడకు బిడ్డ. నిజం చేస్తడు" అంది. దుప్పటి నా తల మీదికి లాగేసింది.

ఆ వానాకాలం ఫ్యాక్టరీకి తాళం పడింది. గేటు ముందు టెంటు వేసి, నాయిన వాళ్ళంతా అక్కడే కూర్చునేవాళ్ళు. జీతం లేదు. కొట్టువాడు కొన్నాళ్ళు సామాను ఇచ్చి, తర్వాత మా మొహం చూడటం మానేశాడు. నాయనమ్మ జహీరాబాదు వైపు చెల్లెలి ఇంటికి వెళ్ళింది, ఒక నోరైనా తగ్గుతుందని. ఆ మాట ఆమె అనలేదు. పెళ్ళికి పోతున్నానంది. ఆ వానల్లో పెళ్ళేమిటో నాకు అర్థం కాలేదు.

ఒక సాయంత్రం బియ్యం డబ్బా అడుగు తట్టింది. తమ్ముడు పొద్దుట్నుంచి గంజి నీళ్ళ మీదే ఉన్నాడు. "బువ్వ, బువ్వ" అని అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని గది అంతా తిరుగుతున్నాడు. అమ్మ కాసేపు పొయ్యి ముందు కూర్చుంది. తర్వాత లేచి, గూట్లోంచి దేవుని డబ్బా తీసింది. మూత తీసి లోపలికి చూసింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. గిన్నెలో గుమ్మరించేసింది.

ఆ అన్నం వాసన నాకిప్పటికీ గుర్తే. కారం, నూనె కలిపి ముద్దలు పెట్టింది. తమ్ముడు తిన్న తర్వాత వాడి పొట్ట మీద వేలితో కొట్టి, "టమటమ" అని శబ్దం చేసింది. వాడు పకపకా నవ్వాడు. నేనూ కొట్టాను. అమ్మ కూడా నవ్వింది. గిన్నె అడుగున మిగిలింది గీరి తను తింది. మేం ముగ్గురం అంత హాయిగా ఉన్న సాయంత్రం మరొకటి నాకు గుర్తు లేదు.

నాయనమ్మ తిరిగొచ్చిన రోజునే అమ్మ చెప్పేసింది. "పిల్లాడు ఏడుస్తుంటే వండేశాను అత్తయ్యా. ఫ్యాక్టరీ తెరవగానే రెండింతలు వేస్తానండీ." నాయనమ్మ తిట్టలేదు. గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. తిడితే బాగుండేది.

ఆ తర్వాతి వారం తమ్ముడికి జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. ఆ మర్నాడు మెడ వాల్చేశాడు, కళ్ళు ఎటో చూస్తున్నాయి. నాయిన వాణ్ణి భుజాన వేసుకుని వానలో బస్సెక్కి పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాడు. అమ్మ వెంట వెళ్ళింది. మెదడువాపు అన్నారట. ఆ ఏడాది వాడల్లో చాలామంది పిల్లలకు వచ్చింది. వెళ్ళినవాళ్ళు టాక్సీలో తిరిగొచ్చారు. టాక్సీ అనగానే నేను ఎగురుకుంటూ బయటికి పరుగెత్తాను. అమ్మ ఒళ్ళో వాడు దుప్పటిలో చుట్టి ఉన్నాడు.

చర్చి వెనక నేలంతా రాయి. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. గుంత చాలినంత లోతు రావడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. అందరూ పాట పాడుతున్నారు. నాకు ఏడుపు రాలేదు. రాయి మీద గడ్డపార మోత ఎప్పుడు ఆగుతుందా అని మాత్రం చూశాను. ఇంటికొచ్చాక నాయనమ్మ, ఎవరితో అన్నట్టు కాకుండా, గొంతు తగ్గించి ఒక మాట అంది.

"దేవుని బియ్యం తింటిమి. ఊకుంటడా?"

అమ్మ వింది.

అప్పట్నుంచి అమ్మ మాట్లాడటం మానేసింది. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. బియ్యంలో చెయ్యి పెట్టదు. వంట నాయనమ్మే. అమ్మ బట్టలుతికేది, గిన్నెలు తోమేది, గడప మీద కూర్చుని రోడ్డు చూసేది. ఏడ్చేది కూడా కాదు. ఫ్యాక్టరీ తాళం తీశారు, నాయిన పనిలోకి వెళ్ళాడు, ఆ సంగతి చెప్పినా తల ఊపిందంతే.

అవన్నీ నేను భరించాను. ఒకటి భరించలేకపోయాను. అమ్మ నన్ను ముట్టుకోవడం మానేసింది. అంతకుముందు రోజూ నూనె రాసి రెండు జడలు వేసేది. ఇప్పుడు దువ్వెన నాయనమ్మ చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయేది. నాయనమ్మ దువ్వితే జుట్టుతో పాటు ప్రాణం ఊడొచ్చేది. నా పక్కన పడుకునే అమ్మ చాప తీసుకుని గది ఆ మూలకు పోయింది. నేను పరుగెత్తుకెళ్ళి కాళ్ళను చుట్టుకుంటే, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి పక్కకు జరిగేది. కోపంగా కాదు. నా వైపు చూడకుండా.

వాడు పోయి నేను మిగిలినందుకు అమ్మకు కోపం అనుకున్నాను. నేను పోయుంటే బాగుండేదని అనుకుంటోందనుకున్నాను. ఒకరోజు కావాలనే రాయి మీంచి దూకి మోకాలు పగలగొట్టుకుని వచ్చాను. రక్తం కారుతోంది. అమ్మ చూసింది. చెయ్యి సగం దాకా చాపి, వెనక్కి తీసుకుంది. "అత్తయ్యా, దీనికేదో తగిలింది చూడండి" అని లోపలికి వెళ్ళిపోయింది. నాయనమ్మ పసుపు అద్దింది. నేను ఆ పసుపు చేత్తో తుడిచేశాను.

నాయనమ్మ తన భయం తన పద్ధతిలో తీర్చుకుంటోంది. కొలిచినప్పుడల్లా గుప్పెడు బదులు రెండు గుప్పెళ్ళు వేస్తోంది. తను తినే అన్నం తగ్గించుకుని మరీ వేస్తోంది. ఒక శనివారం డబ్బా నిండి మూత పట్టలేదు. రేపు ఆదివారమే, అయినా ఆగలేకపోయింది. సంచిలో పోసి నా చేతికిచ్చింది.

"ఇప్పుడే వోయి అయ్యగారి ఇంట్ల ఇచ్చిరా. జర జల్ది వో. తొవ్వల ఒక్క గింజ రాలొద్దు."

చర్చి వెనక రెండు గదుల్లో పాస్టరుగారి కుటుంబం ఉండేది. అయ్యగారు ఏదో ఊరికి సైకిలు మీద వెళ్ళారు. పాస్టరమ్మ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి అన్నం పెడుతోంది. పెద్ద గొంతు, పెద్ద శరీరం. చర్చిలో పాట ఎత్తుకుంటే మగవాళ్ళ గొంతులు వినబడేవి కావు. సంచి తీసుకుని గోడవార పెట్టింది.

"తిన్నవా?"

"తిన్నా."

"అబద్ధం. మొఖం చెప్తలేదా? కూసో."

సత్తు కంచంలో అన్నం పెట్టి సొరకాయ పులుసు పోసింది. ఆకలితో ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద ఒక గింజ ముద్దగా, ఇంకో గింజ పలుకుగా తగిలింది. కంచంలోకి చూశాను. పొడుగు మెతుకులు, పొట్టి మెతుకులు, మధ్యలో ఎర్రవి. సగం అన్నం చిమిడిపోయింది, సగం ఉడకలేదు. అలాంటి అన్నం నేను ఎక్కడా చూడలేదు. కానీ అలాంటి బియ్యం ప్రతి ఆదివారం చూస్తున్నాను.

నోట్లో ముద్ద మింగలేదు, కక్కలేదు.

"ఏందే? పులుసుల ఉప్పెక్కువైందా?"

"ఇది దేవుని బియ్యం" అన్నాను, ముద్ద బుగ్గన పెట్టుకునే.

పాస్టరమ్మ నవ్వింది. "మరి? గంప బియ్యమే. అయ్యగారికి జీతం ఎప్పుడొస్తదో ఎవ్వరికి ఎరుక? గంప లోపటికి తెచ్చుకుంటం, వండుకుంటం. తీరు తీరు బియ్యమాయె, ఎంత ఉడికిచ్చినా గిట్లనే ఉంటది. బయట ఎవ్వరికి అనకు, అయ్యగారు సిగ్గుపడ్తడు."

పిల్లలు నలుగురూ పులుసు జుర్రుకుంటూ తింటున్నారు. చిన్నది ఇంకా పెట్టమని కంచం మోగిస్తోంది. నేను వాళ్ళనే చూస్తున్నాను, ఎవరు ముందు పడతారా అని. ఒట్టు, అలాగే చూశాను.

"వీళ్ళు చచ్చిపోరా?" అని అడిగాను.

ఆమె నవ్వు ఆగింది. "ఎందుకు చస్తరే?"

"మా తమ్ముడు చచ్చిపోయిండు గదా. మా అమ్మ దేవుని బియ్యం వండింది. వాడు తిన్నడు. అందుకే."

పాస్టరమ్మ చేతిలో గరిటె గిన్నెలోకి జారింది. నన్ను దగ్గరికి లాక్కుని, నా గడ్డం పట్టుకుని, "ఉమ్మెయ్యకు. మింగు. ఏం కాదు, మింగు" అంది. మింగాను. ఆమె నా మూతి కొంగుతో తుడిచింది. తర్వాత ఒక గిన్నెలో ఆ అన్నమే వేసి, మూత పెట్టి, కొంగు బిగించింది. "నడువ్" అంది.

మా ఇంటికొచ్చేసరికి అమ్మ గడప మీద ఉంది. నాయనమ్మ లోపల మిరపకాయలు తొడిమలు తీస్తోంది. పాస్టరమ్మ లోపలికి వచ్చి, పీట వద్దని కిందే కూర్చుంది. గిన్నె మూత తీసి అమ్మ ముందు పెట్టింది.

"చూడు బిడ్డా. గంప బియ్యం. నా పెండ్లైనకాడి నుంచి పూటపూటకు ఇదే తింటున్న. నా పిల్లలు ఇదే తిని పెరుగుతున్నరు. దేవుడు బియ్యానికి చంపేటోడైతే మొట్టమొదట నన్ను చంపాలె."

అమ్మ గిన్నెలోకి చూసింది. "మీకు హక్కుందండీ. మీరు దేవుని సేవకులు. నేను దొంగిలించాను" అంది. అన్ని రోజుల తర్వాత అమ్మ నోట్లోంచి అంత పొడుగు మాట రావడం నాకు ఆశ్చర్యమేసింది.

"ఏం దొంగతనం? ఆకలైన పోరనికి బువ్వ పెట్టినవ్. గంప ఎందుకు పెట్టినమే మనం? ఆకలైనోళ్ళు తినాలెననే గదా?"

"మరి వాడెందుకు పోయాడండీ?"

పాస్టరమ్మ అమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. ఏదో వాక్యం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"నాకు తెల్వది బిడ్డా. అయ్యగారికి గూడ తెల్వది. తెలిసినట్టు చెప్పెటోని మాట ఇనకు. బియ్యానికైతే కాదు. గదొక్కటి నాకు ఎరుకే."

అమ్మ నా వైపు తిరగకుండానే, నన్ను చూపుడువేలితో చూపించింది. "ఇదొక్కతే ఉందండీ. నేను దీన్ని ముట్టుకుంటే దేవుడి కళ్ళు దీని మీద పడతాయి. నాకు ఇది ఇష్టమని ఆయనకు తెలియకూడదు. అందుకే దగ్గరికి రానివ్వను. మీరు తప్పంటే అనండి."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. కోపం కాదన్నమాట! నన్ను దేవుడి నుంచి దాచిపెడుతోందన్నమాట! సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. గుమ్మం చెక్కను గోరుతో గీరుతూ ఉండిపోయాను.

పాస్టరమ్మకు కోపమొచ్చింది. ఆమెకు కోపమొస్తే చర్చి పైరేకులు అదిరేవి. "తల్లి బిడ్డను ముట్టుకుంటె ఓర్వనోడు దేవుడెట్లైతడే? గసొంటోన్ని నేను మొక్కుతనా? పాటలు పాడుతనా?"

అప్పుడు నాయనమ్మ మిరపకాయల చాట పక్కన పెట్టింది. ఆమె వాదిస్తుందనుకున్నాను. కళ్ళు పోతాయంటుందనుకున్నాను. ఆమె మోకాళ్ళ మీద జరుగుతూ పాస్టరమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు ఎప్పట్లాగే తగ్గించింది.

"గట్లైతే అమ్మా, నావోళ్ళు?"

"మీవోళ్ళెవరు పెద్దమ్మా?"

"మా పోరనికంటే ముంగట పుట్టినోళ్ళు. ఒక్కరు గూడ దక్కలె. అప్పటి పెద్ద అయ్యగారు వొచ్చి, నీ ఇంట్ల ఏదో పాపం దాసి పెట్టినవ్, తీసి పారెయ్ అన్నడు. ఎతికిన. కుండలు దించి ఎతికిన, గోడల పొక్కలల్ల ఎతికిన, పొయ్యి తవ్విన. ఏం దొరకలె. ఇప్పటిదాంక ఎతుకుతనే ఉన్న."

నాయిన కంటే ముందు పిల్లలున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మకూ తెలియదు. ఆమె తల తిప్పి అత్తగారిని చూసింది. ఎన్నో రోజుల తర్వాత ఒక మనిషిని సరిగ్గా చూసింది.

పాస్టరమ్మ గొంతు పూర్తిగా దిగిపోయింది. మిరప ఘాటుతో మండే నాయనమ్మ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. "లేనిది ఎట్ల దొరుకుతది పెద్దమ్మా? ఇగ ఎతకకు" అంది.

నాయనమ్మ ఏడ్చింది. ఆమె ఏడుపు ఎలా ఉంటుందో మేమెవ్వరం అంతవరకు వినలేదు. చిన్నపిల్లలా ఏడ్చింది, ముక్కు చీదుకుంటూ, ఒక్కొక్కరి పేరూ చెబుతూ. ఆ పేర్లు నేను ఇక్కడ రాయను. అమ్మ మాత్రం ఏడవలేదు. లేచి వెళ్ళి, ముంతతో నీళ్ళు తెచ్చి అత్తగారి చేతులు కడిగింది. పాస్టరమ్మ తెచ్చిన అన్నం ఆ మధ్యాహ్నం నాయనమ్మ, నేను తిన్నాం. అమ్మ ఒక మెతుకు నోట్లో వేసుకుని గిన్నె మా వైపు జరిపింది.

మర్నాటికల్లా అమ్మ మారిపోయిందని చెబితే అబద్ధం. అలా జరగలేదు. చాప ఆ మూలే ఉంది. దువ్వెన నాయనమ్మ చేతిలోనే ఉంది. నేను ఆశపడి దగ్గరికి వెళ్ళడం, ఆమె పక్కకు జరగడం, అదే వరస. వానలు తగ్గుముఖం పట్టాయి. గుట్టల మీద సీతాఫలాలు కళ్ళు విచ్చాయి. పాస్టరమ్మ చెప్పింది అమ్మ చెవికెక్కలేదని నేను ఆశ వదులుకున్నాను. పెద్దవాళ్ళు ఏం చెప్పుకున్నా మనకు ఒరిగేదేమీ లేదని అర్థమైందనుకున్నాను.

ఒక శనివారం ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లో, నట్టెండలో, చాట ముందు పెట్టుకుని కూర్చుంది. చాటలో బియ్యం. పక్కన దేవుని డబ్బా మూత తీసి ఉంది. అమ్మ చేతులు బియ్యంలో ఉన్నాయి. రాళ్ళు ఏరుతోంది. మా ఇంటి బియ్యంలో రాళ్ళు ఏరుకునేవాళ్ళం గానీ, దేవుని గుప్పెడు అంతకుముందే తీసెయ్యాలి కదా, దాన్ని ఎవరూ ఏరేవాళ్ళు కాదు. రాళ్ళతోనే గంపలోకి పోయేది.

నాయనమ్మ గడపలో నిలబడి చోద్యం చూస్తోంది. "దేవునికి రాళ్ళు ఏరుడేందే? ఆయనకేమన్న పండ్లు నొస్తయా?" అంది. ఆ మాట అనగలిగినందుకు తనకే నవ్వొచ్చినట్టుంది, పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాస్టరమ్మగారి చిన్నపిల్ల ఉంది కదా అత్తయ్యా, ఇప్పుడిప్పుడే పళ్ళొస్తున్నాయి దానికి" అంది అమ్మ. తల ఎత్తకుండానే నన్ను పిలిచింది. "ఇలా రావే. నీ కళ్ళు మంచివి. ఈ తెల్లరాళ్ళు నాకు కనబడి చావట్లేదు."

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను, కాస్త దూరంగానే. ఇన్నాళ్ళూ అలవాటైపోయిందిగా. ఒక రాయి తీశాను. ఇంకొకటి తీశాను. అమ్మ ఆ రెండో రాయి దగ్గర నా చెయ్యి పట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టాను, వేళ్ళు విడదీస్తుందని. విడదీయలేదు. అలాగే పట్టుకుని కాసేపు నా వేళ్ళు చూసింది, గోళ్ళలో మట్టి చూసింది. ఆ తర్వాత ఒక్కసారిగా నన్ను తన మీదికి లాక్కుంది. చాట తిరగబడింది, బియ్యం మన్నులో పడ్డాయి, నాయనమ్మ "అయ్యో అయ్యో" అంటూ పరుగెత్తుకొచ్చింది. అమ్మ వదల్లేదు. నా నెత్తి వాసన చూస్తోంది, మోకాలి మీద మానిన గాయం నిమురుతోంది, "నా తల్లే, నా బంగారమే" అని పైకే అంటోంది, వీధంతా వినబడేలా. నా మెడ మీద అమ్మ కన్నీళ్ళు వేడిగా తగిలాయి. తమ్ముడు పోయిన తర్వాత అమ్మ ఏడవడం అదే మొదలు.

ఆ తర్వాత అమ్మ చాలా ఏళ్ళు బతికింది. ఎన్నో చావులు చూసింది. నాయనమ్మను సాగనంపింది, నాయినను సాగనంపింది. నా భర్త పోయినప్పుడు నా పక్కన కూర్చుంది. ఒక్కసారి కూడా ఎవరి చావుకూ కారణం చెప్పలేదు. ఎవరైనా చెప్పబోతే లేచి వెళ్ళిపోయేది. తమ్ముడు ఎందుకు పోయాడో ఆమెకు తెలియలేదు, నాకూ తెలియలేదు, ఇక తెలియదు కూడా.

అమ్మ గురించి తలుచుకుంటే నాకు ఆ వాకిలే గుర్తొస్తుంది. అక్కడ ఇప్పుడు ఏ అపార్టుమెంటు సెల్లారు ఉందో నాకు తెలియదు. ఆ రోజు మాకు పైన పెంకులు లేవు, చెట్టు లేదు, ఒక్క మబ్బు తునకైనా లేదు. మా అమ్మ ఆ మిట్టమధ్యాహ్నం నన్ను ఒళ్ళో పెట్టుకుని, తల పైకెత్తి, ఆకాశం వైపే చూస్తూ ముద్దు పెట్టుకుంది. దేవుడు చూస్తే చూడనీ అన్నట్టు.